మోటారు చప్పుడు లేని దారుల్లో సైకిల్ యాత్ర: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

రైళ్లు ఆగిపోయిన కట్టలు, పడవలు తగ్గిపోయిన కాలువ గట్లు, నదుల కరకట్టలు, అడవి బాటలు. పల్లెల మధ్యగా పోయే ఇలాంటి దారుల్లో రోజుల తరబడి సైకిల్ యాత్ర చేయాలనుకునేవారి ఉత్తరాలకు ఈ సంచికలో జవాబులిస్తున్నాం. ఒకే రకంగా ఉన్నవాటిని కలిపి ఒక ప్రశ్నగా వేశాం.

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. ఎత్తుపల్లాలున్న తారురోడ్డు మీద వారానికి మూడు రోజులు 40 కిలోమీటర్లు తేలిగ్గా తొక్కుతాను. పాత రైలు కట్ట మీద వేసిన దారిలో 55 కిలోమీటర్లు వెళ్లేసరికి నడుము, అరచేతులు, కూర్చునే చోటు భరించలేనంత నొప్పి. దారంతా చదునే. ఎందుకిలా?

దారి చదునుగా ఉండటమే అసలు కారణం. ఎగుడుదిగుడు రోడ్డు మీద ఒళ్లు తనకు తెలియకుండానే విశ్రాంతి తీసుకుంటుంది. ఎక్కేటప్పుడు సీటు మీంచి లేస్తాం, దిగేటప్పుడు తొక్కడం మానేస్తాం. రైలు కట్ట మీద ఆ రెండూ ఉండవు. రైలింజను నిట్రంగా ఎక్కలేదు కాబట్టి కట్ట వాలు సాధారణంగా ఒకటి రెండు శాతం దాటదు. న్యూజిలాండ్‌లోని ఒటాగో సెంట్రల్ రైల్ ట్రయల్ 152 కిలోమీటర్లు సాగి 618 మీటర్ల ఎత్తుకు చేరుతుంది, అయినా ఎక్కడా వాలు 50కి 1 మించదు. ఇలాంటి చోట గంటల కొద్దీ ఒకే భంగిమలో, ఒకే బరువు మీద కూర్చుని తొక్కుతూనే ఉంటారు.

రెండో కారణం నేల. మీరు, సైకిలు, సామాను కలిపి 95 కిలోలు అనుకుందాం. నున్నటి తారు మీద టైరు దొర్లడానికి ఎదురయ్యే నిరోధం మొత్తం బరువులో సుమారు అర శాతం. బాగా అణగ్గొట్టిన రాతిపొడి మీద అది దాదాపు 1 శాతం, వదులు కంకర మీద ఒకటిన్నర, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. గంటకు 15 కిలోమీటర్ల వేగంలో ఆ 1 శాతానికి 39 వాట్లు ఖర్చవుతాయి. గాలిని చీల్చుకుపోవడానికి ఇంకో 22. అంటే చదునులో 60 వాట్ల పని. అదే దారి 1 శాతం పైకి లేస్తే, అంత తక్కువ వాలును కన్ను పట్టుకోలేదు గానీ, పని 100 వాట్లవుతుంది. పోనీ దిగేటప్పుడైనా సుఖమా అంటే, 1 శాతం పల్లం ఇచ్చే తోపంతా రాతిపొడి నిరోధానికే సరిపోతుంది. అందుకే ఈ దారుల్లో దిగుతూ కూడా తొక్కాలి.

మూడోది గాలి. చాలా చోట్ల కట్ట పక్క పొలాల కన్నా ఎత్తులో, తిన్నగా, చాటు లేకుండా ఉంటుంది. గంటకు 15 కిలోమీటర్ల ఎదురుగాలి వీస్తే, మీరూ 15లో వెళ్తుంటే, పైన చెప్పిన 22 వాట్లు నాలుగింతలై 87కు చేరతాయి. ఇది ఒకటిన్నర శాతం వాలును ఆగకుండా ఎక్కడం కన్నా ఎక్కువ. రోడ్డు మీదైతే మలుపు తిరగగానే గాలి పక్కకు పోతుంది. కట్ట మీద మలుపు పది కిలోమీటర్ల తర్వాత రావచ్చు.

ఇక చేయాల్సింది. ప్రతి పది నిమిషాలకు గేరు రెండు మెట్లు బరువు పెంచి, సీటు మీంచి లేచి 20–30 సెకన్లు నిలబడి తొక్కండి. నొప్పి వచ్చాక లేవడం వల్ల ఉపయోగం తక్కువ, రాకముందే లేవాలి. పెడలు నిమిషానికి 75–85 సార్లు తిరిగేలా గేరు ఉంచుకోండి. 60కి పడిపోతే మోకాళ్ల మీద భారం పడుతుంది, 95 దాటితే సీటు మీద ఎగురుతారు. మడమను పెడలు మీద ఆనించి కిందికి తొక్కినప్పుడు మోకాలు సరిగ్గా నిటారు కావాలి, సీటు ఎత్తుకు అదీ కొలత. తొక్కేటప్పుడు నడుము కింది భాగం అటూ ఇటూ ఊగుతుంటే సీటు ఎక్కువ ఎత్తులో ఉన్నట్టు. ఒకేసారి సెంటీమీటరు దించేయకుండా 3–5 మిల్లీమీటర్లు దించి చూడండి.

చిటికెనవేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతుంటే అరచేతి అంచున పోయే నరం నొక్కుకుపోతోంది. మణికట్టు వెనక్కి వంగకుండా పట్టుకోండి, హ్యాండిల్‌ను ఒకటి రెండు సెంటీమీటర్లు ఎత్తించండి. తిన్నటి హ్యాండిల్ అయితే చివర్లకు కొమ్ములు బిగించుకుంటే చేతికి రెండో పట్టు దొరుకుతుంది. మెత్తటి జెల్ సీటు మాత్రం కొనకండి. మొదటి గంట హాయిగా ఉంటుంది. తర్వాత ఎముకలు అందులోకి దిగబడి, బరువంతా మెత్తటి కండ మీద, నరాల మీద పడుతుంది. కూర్చునే ఎముకల వెడల్పుకు సరిపడే, కాస్త గట్టిగా ఉండే సీటే దూరప్రయాణానికి పనికొస్తుంది.

ప్రశ్న: ఏ చివర నుంచి మొదలుపెట్టాలో ఎలా తేల్చుకోవాలి? నది వెంట దారి అయితే పారే దిక్కుకే వెళ్లడం మంచిదే కదా?

నది వాలును నమ్ముకోకండి. జర్మనీలోని పాసౌ నుంచి ఆస్ట్రియాలోని వియన్నా దాకా డాన్యూబ్ వెంట సుమారు 320 కిలోమీటర్ల దారి ఉంది. అంత దూరంలో నది దిగేది దాదాపు 150 మీటర్లు, అంటే 0.05 శాతం. కాళ్లకు అది తెలియదు. అక్కడ చాలామంది నీటి వాలుకే వెళ్లడంలో అర్థముందంటే, గాలి ఎక్కువగా పడమటి నుంచి వీస్తుంది కాబట్టి. ముందు మీరు వెళ్లే నెలలో గాలి ఏ దిక్కు నుంచి వీస్తుందో చూసుకోండి, ఆ తర్వాతే వాలు.

రైలు కట్టల్లో వాలు రెండు పక్కలా ఒకేలా ఉండదు. అమెరికాలోని గ్రేట్ అలెగెనీ ప్యాసేజ్ 240 కిలోమీటర్లు. దాని అత్యున్నత స్థానం 729 మీటర్లు. పశ్చిమాన పిట్స్‌బర్గ్ నుంచి వస్తే అక్కడికి చేరడానికి 200 కిలోమీటర్లు పడుతుంది, వాలు తెలియనే తెలియదు. తూర్పున కంబర్లాండ్ నుంచి బయల్దేరితే దాదాపు 38 కిలోమీటర్లలోనే 540 మీటర్లు ఎక్కాలి. సామానుతో మొదటిసారి వెళ్లేవారు పిట్స్‌బర్గ్ వైపు నుంచి రావడమే మేలు: మూడు రోజులు ఒళ్లు అలవాటు పడుతుంది, చివరి 38 కిలోమీటర్లు జారుకుంటూ పోవచ్చు.

ప్రశ్న: తొమ్మిదేళ్ల పాప, పదమూడేళ్ల బాబుతో నాలుగు రోజుల యాత్ర. కాలువ గట్టు మంచిదా, రైలు కట్టా? పాపకు ఈత రాదు.

రైలు కట్ట. ఈత సంగతి పక్కన పెట్టినా, పిల్లలు ఎటు చూస్తే సైకిల్ అటే పోతుంది. కాలువ దారుల్లో నీటి వైపు కంచె ఉండటం అరుదు.

కాలువ గట్టు లాకుకూ లాకుకూ (పడవలను ఎత్తి దించే నీటి తలుపులు) మధ్య బల్లపరుపుగా ఉంటుంది, లాకు దగ్గర మాత్రం ఉన్నట్టుండి పది ఇరవై మీటర్ల నిట్రం వస్తుంది. గేరు ముందే తగ్గించకపోతే పిల్లలు మధ్యలో ఆగి పక్కకు పడతారు. ఫ్రాన్స్‌లోని బర్గండీ కాలువ 242 కిలోమీటర్లలో 189 లాకులు ఉన్నాయి, సగటున 1.3 కిలోమీటర్లకు ఒకటి. అందులో కొన్ని చోట్ల వరసగా వస్తాయి. పూయీ-ఆన్-ఒక్సువా దగ్గర కాలువ 3.3 కిలోమీటర్ల సొరంగంలోకి దూరిపోతుంది, సైకిళ్లు పైనుంచి చుట్టి పోవాలి. పెద్దవాళ్లకు ఇదంతా సరదా.

మీకు అదే ప్రాంతంలో జివ్రీ నుంచి క్లూనీ దాకా పోయే పాత రైలు దారి సరిపోతుంది. 1997లో తెరిచిన ఈ 44 కిలోమీటర్ల దారి ఫ్రాన్స్‌లో ఈ తరహాలో మొదటిది. తారు వేసి ఉంటుంది, పాత స్టేషన్లున్న ఊళ్లలో ఆగుతూ పోవచ్చు. పాపకు రోజుకు 25–30 కిలోమీటర్లు చాలు. వేగం గంటకు 10 అనుకుంటే మూడు గంటల తొక్కుడు, ఆటలు, మధ్యలో ఆగడం కలిపి ఆరు గంటలు. బాబు అంతకు రెట్టింపు తొక్కగలడు, అయినా పథకం పాపను బట్టే వేయండి.

ప్రశ్న: ఏ టైరు, ఎంత గాలి? దుకాణంలో ఒకరు 28 అంటే ఇంకొకరు 50 అంటున్నారు.

ఇద్దరూ తప్పు చెప్పలేదు, ఏ నేలకో చెప్పలేదు అంతే. దారంతా తారైతే 28–32 మిల్లీమీటర్లు. అణగ్గొట్టిన రాతిపొడికి 35–42. వదులు కంకర, చెట్ల వేళ్లు, అడవి బాట అయితే 45–50. దారి ఎలా ఉంటుందో కచ్చితంగా తెలియనప్పుడు 40 తీసుకోండి. తారు మీద దానివల్ల పోయేది కొద్దిపాటి వేగమే. కంకర మీద 28తో పోయేది అదుపు.

40 మిల్లీమీటర్ల టైరుకు, మొత్తం 95 కిలోల బరువుకు, వెనక 42–45 పీఎస్ఐ, ముందు 35–38తో మొదలుపెట్టండి. టైరు అంచున రాసి ఉండే గరిష్ఠ పీడనం దాకా గాలి కొట్టడం అందరూ చేసే పని. అప్పుడు టైరు రాళ్ల మీద ఎగురుతుంది, ఆ ఎగురుడే చేతులకు, నడుముకు చేరుతుంది. ముందు చక్రం జారుతున్నట్టు, ఒళ్లు అదురుతున్నట్టు ఉంటే రెండేసి పీఎస్ఐ తగ్గిస్తూ పోండి. ఎక్కడ ఆపాలంటే, గట్టి రాయి తగిలినప్పుడు రిమ్ము టక్కున మోగితే 3 పీఎస్ఐ పెంచి అక్కడే ఉంచండి. ట్యూబుకు పక్కపక్కనే రెండు చీలికలు పడ్డాయంటే ముల్లు కాదు, గాలి తక్కువై రిమ్ము కోసింది.

మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య కనీసం 10 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. తడి రాతిపొడి అందులో ఇరుక్కుంటే చక్రం ఆగిపోతుంది.

ప్రశ్న: సామానుతో వెళ్తే సైకిల్ ముందు భాగం పాములా ఊగుతోంది. సంచులన్నీ వెనక క్యారియర్ మీదే ఉన్నాయి.

కారణం మీరే రాశారు. బరువంతా వెనక పడి ముందు చక్రం తేలిపోతోంది. బరువైనవి, అంటే పనిముట్లు, తిండి, గుడారం ఇనుప కడ్డీలు, కింది వైపు, చక్రం ఇరుసుకు దగ్గరగా సర్దండి. 12 కిలోలు దాటితే మూడో వంతు నుంచి సగం దాకా ముందుకు తెచ్చి, ముందు చక్రానికి రెండు పక్కలా తక్కువ ఎత్తులో కట్టండి. క్యారియర్ పైన దుప్పటి లాంటి తేలిక వస్తువులే ఉండాలి. కుడి, ఎడమ సంచుల మధ్య తేడా కిలో లోపే ఉంచండి.

అయినా ఊగితే క్యారియర్ బోల్టులు చూడండి. కంకర అదురుకు అవి మొదటి రోజే వదులవుతాయి. మధ్యరకం థ్రెడ్‌లాకర్ జిగురు ఒక చుక్క వేసి బిగించి, మొదటి సాయంత్రం ఒకసారి, తర్వాత రెండు రోజులకోసారి చూసుకోండి. అవి దాదాపు అన్ని సైకిళ్లకూ ఎం5 (5 మిల్లీమీటర్ల మందం) బోల్టులే, రెండు విడిగా జేబులో వేసుకోండి. గొలుసు వైపున్న కింది బోల్టు పొడవు ఎక్కువైతే లోపలికి పొడుచుకొచ్చి చివరి చిన్న పళ్లచక్రం మీద గొలుసును రాపిడి చేస్తుంది. సందర్భం లేకుండా ఆ ఒక్క గేరులోనే చప్పుడు వస్తుంటే ముందు అక్కడ చూడండి. మడమ సంచికి తగులుతుంటే సంచి కొక్కేలను వెనక్కి జరపండి. వేలాడే పట్టీల కొసలు ముడివేయండి. ఊచల్లోకి పోయిందంటే ఆగేది చక్రమే కాదు.

ప్రశ్న: సొరంగాలున్న దారికి ఎలాంటి దీపం కావాలి? లోపల విద్యుత్తు దీపాలుంటాయంటున్నారు.

ఉంటాయి, ఒక్కోసారి వెలగవు. సొంత దీపం లేకుండా వెళ్లకండి. స్పెయిన్‌లోని వియా వెర్దే దె లా సియెర్రాలో 36 కిలోమీటర్ల దూరంలో 30 సొరంగాలు వస్తాయి (ఒక్క రైలూ నడవకుండానే నిర్మాణం ఆగిపోయిన మార్గం అది). అలాంటి చోట పగలంతా దీపం చేతికందేలా ఉండాలి.

300–400 ల్యూమెన్ల ముందు దీపం చాలు. మెరిసి ఆరే పద్ధతిలో పెట్టకండి. సొరంగం గోడల మధ్య దానివల్ల దూరం తెలియదు, ఎదురొచ్చేవారికీ ఇబ్బందే. వెనక ఎర్ర దీపం తప్పనిసరి. సొరంగం నోటికి యాభై మీటర్ల ముందే నల్లకళ్లద్దాలు తీసేసి, వేగం తగ్గించండి. ఎండలోంచి చీకట్లోకి వెళ్లిన మొదటి అర నిమిషం కళ్లు దాదాపు పనిచేయవు, సరిగ్గా అక్కడే పైనుంచి కారిన నీటి మడుగు, రాలిన రాయి ఉంటాయి. బయట 30 డిగ్రీలున్నా లోపల చలి. కిలోమీటరు దాటే సొరంగమైతే పల్చటి కోటు వేసుకుని వెళ్లండి. అమెరికాలోని చెసపీక్ అండ్ ఒహాయో కాలువ వెంట ఉన్న పా పా సొరంగం 950 మీటర్లు, దీపాల్లేవు, నడకబాట ఇరుకు. అక్కడ దిగి నడిపించుకు వెళ్లడమే.

ఇంకో సంగతి చాలామంది చూసుకోరు: చలికాలంలో సొరంగాలు మూసేస్తారు. గ్రేట్ అలెగెనీ ప్యాసేజ్‌లోని కిలోమీటరు పొడవున్న బిగ్ సావేజ్ సొరంగానికి తలుపులు వేసేస్తారు, ఊరే నీరు గడ్డకట్టి లోపలి గోడను పగలగొట్టకుండా. ఫ్రాన్స్‌లో క్లూనీకి దక్షిణాన ఉన్న 1.6 కిలోమీటర్ల బ్వా క్లేర్ సొరంగాన్ని అందులో చలికాలం గడిపే గబ్బిలాల కోసం మూస్తారు. అప్పుడు కొండ మీదుగా మామూలు రోడ్డే గతి, అక్కడ బళ్లూ ఉంటాయి, నిట్రమూ ఉంటుంది. తేదీలు ఆ దారి నిర్వాహకుల ప్రకటనల్లో చూసి మరీ టికెట్లు కొనండి.

ప్రశ్న: బళ్లు రాని దారే కదా, హెల్మెట్ ఎందుకు? మా జట్టులో వెనక వస్తున్న ఒకాయన దారి మధ్య గుంజకు గుద్దుకుని భుజం ఎముక విరగ్గొట్టుకున్నారు. తప్పు ఎవరిది?

రెండో ప్రశ్నలోనే మొదటిదానికి జవాబుంది.

కార్లు రాకుండా దారి మొదట్లో, ప్రతి రోడ్డు కూడలి దగ్గర మధ్యలో గుంజలు పాతుతారు. ముందున్నవారికి అవి దూరం నుంచే కనిపిస్తాయి. వెనకవారికి ముందు సైకిల్ చాటున ఉండి, ముందువారు పక్కకు తప్పుకున్నాక ప్రత్యక్షమవుతాయి. అప్పటికి రెండు మూడు మీటర్లే మిగులుతుంది. గంటకు 18 కిలోమీటర్లంటే సెకనుకు 5 మీటర్లు. బ్రేకు మీద చేయి పడేలోపే గుద్దుకుంటారు. అందుకే జట్టులో ఒకరి వెనక ఒకరు కనీసం 10 మీటర్ల ఎడంతో రావాలి, ముందున్నవారు "గుంజ!" అని కేకవేసి చేయి కిందికి చూపాలి. ఆ కేక వెనక్కి ఒకరి నుంచి ఒకరికి అందాలి.

రోడ్డు దాటే చోటే అసలు గండం. గంట సేపు ఏ బండీ లేకుండా తొక్కిన మనిషి మెదడు సగం నిద్రలో ఉంటుంది. దాటేచోటికి ముందే గేరు తగ్గించండి, పూర్తిగా ఆగి కాలు కింద పెట్టండి. ముందు దాటినవారు వెనక్కి తిరిగి "రండి, ఏమీ లేదు" అనే అలవాటు మానాలి. వారు చూసిన రోడ్డు మూడు సెకన్ల కిందటిది. ఎవరికి వారు రెండు పక్కలా చూసుకుని దాటాలి.

తడిసిన చెక్క వంతెన మీద బ్రేకు వేయకండి, హ్యాండిల్ తిప్పకండి. తిన్నగా, తొక్కకుండా పోనివ్వండి. పట్టాలు దాటాల్సి వస్తే వాటికి నిలువుగా, 90 డిగ్రీల్లో దాటండి. ఏటవాలుగా దాటితే చక్రం పట్టా సందులోకి పోతుంది.

ఇంకొకటి. ఇలాంటి చోట ఎవరైనా పడితే అంబులెన్సుకు ఏ చోటని చెబుతారు? రోడ్డు పేరు ఉండదు. దాటిన ప్రతి కూడలి పేరు, కిలోమీటరు రాయి అంకె గుర్తుపెట్టుకోండి, ఫోనులో అక్షాంశ రేఖాంశాలు చూడటం ముందే నేర్చుకోండి. సాయం వచ్చేది దగ్గరి రోడ్డు కూడలి దాకానే.

ప్రశ్న: బోర్డులు పెట్టిన దారి లేని ప్రాంతంలో సొంతంగా అలాంటి దారి గీసుకోవచ్చా?

గీసుకోవచ్చు, ఒక సాయంత్రం పని. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పటం తెరిచి, సైకిల్ దారులు చూపే సైక్లోఓఎస్ఎం పొర వేసుకోండి. ఏ గీత మీదైనా నొక్కి వివరాలు చూడండి. "హైవే" ఎదురుగా "సైకిల్‌వే" అని ఉంటే సైకిళ్ల దారి. "ట్రాక్" అని ఉంటే "ట్రాక్‌టైప్" చూడాలి: గ్రేడ్1 గట్టి నేల, గ్రేడ్2 అణిగిన కంకర, గ్రేడ్3 కంకరా మట్టీ సగంసగం, గ్రేడ్4, 5 మెత్తటి మట్టి, గడ్డి. సామానుతో అయితే గ్రేడ్3 దగ్గర ఆగండి. వానాకాలంలో గ్రేడ్2 దాకానే. "సర్ఫేస్" అన్న వివరం ఖాళీగా ఉందంటే దాన్ని ఉపగ్రహ చిత్రంతో సరిపోల్చాలి. "మోటార్ వెహికల్" ఎదురుగా "నో" ఉంటే బళ్లు నిషేధం.

"రైల్వే" ఎదురుగా "అబాండండ్" అని కనిపిస్తే అది పాత కట్ట. అయితే కట్ట ఉన్నంత మాత్రాన దారి ఉన్నట్టు కాదు. వంతెన పీకేసి ఉండొచ్చు, మధ్యలో ఎవరి పొలంలోనో కలిసిపోయి ఉండొచ్చు. "యాక్సెస్" ఎదురుగా "ప్రైవేట్" అని ఉన్న ముక్కను వదిలేయండి. నది, కాలువ మీద వంతెనలన్నీ ఉపగ్రహ చిత్రంలో ఒక్కొక్కటే చూడండి. ఒక్క వంతెన లేకపోతే పక్క వంతెనకు పాతిక కిలోమీటర్లు తిరగాల్సి రావచ్చు.

దారి గీశాక దాని మీద మూడు గుర్తులు పెట్టండి: నీళ్లు దొరికే చోట్లు, రోడ్డు కలిసే చోట్లు, రైలు స్టేషన్లు. ఎండలో గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు తాగుతారు. నీళ్లకూ నీళ్లకూ మధ్య పాతిక కిలోమీటర్లు దాటితే మామూలు సీసాలకు తోడు లీటరున్నర అదనంగా మోయాలి. గీసిన దారిని జీపీఎక్స్ దస్త్రంగా ఫోనులో దించుకోండి, పటం కూడా దించుకోండి. చెట్ల మధ్య, కొండ కోతల్లో సిగ్నల్ ఉండదు.

ఒక హెచ్చరిక: యూరోవెలో లాంటి పెద్ద సైకిల్ మార్గాల గుర్తు కనిపిస్తే బళ్లు లేనట్టే అనుకోకండి. రద్దీ తక్కువున్న మామూలు రోడ్లు కూడా వాటిలో కలిసి ఉంటాయి.

ప్రశ్న: ఒకే రోజు నాలుగు పంక్చర్లు. టైరు కొత్తదే.

పల్లేరు కాయలు. ఎండ ప్రాంతాల్లో దారి అంచున ఈ తీగ పాకుతుంది. అంచున సైకిల్ ఆపి, టైరుతో కాయలు ఏరుకుని మళ్లీ ఎక్కుతారు. ఆగేటప్పుడు సైకిల్‌ను దారి పక్క గడ్డిలోకి తోయకండి, ఎత్తి పెట్టండి, ఎక్కేముందు రెండు చక్రాలూ చూసుకోండి.

నాలుగింటిలో రెండైనా పాత ముల్లే చేసి ఉంటుంది. ట్యూబు మార్చి టైరు లోపల వెతక్కపోతే అదే ముల్లు కొత్త ట్యూబునూ పొడుస్తుంది. టైరు మీద కంపెనీ పేరును ఎప్పుడూ వాల్వుకు ఎదురుగా వచ్చేలా ఎక్కించండి. ట్యూబులో చిల్లు వాల్వుకు ఎంత దూరంలో ఉందో కొలిస్తే టైరులో ముల్లు ఎక్కడుందో తెలుస్తుంది. బట్ట ముక్కను లోపల రుద్దితే అది ముల్లుకు చిక్కుకుంటుంది, వేలు తెగదు. ముల్లును బయటివైపు నుంచి పట్టకారుతో లాగండి.

ట్యూబులేని టైరైతే 40 మిల్లీమీటర్లదానికి చక్రానికి 60–90 మిల్లీలీటర్ల సీలెంటు (చిల్లును లోపలి నుంచి మూసే ద్రవం) పోయించండి. అది రెండు మూడు నెలల్లో, వేడి ప్రాంతంలో ఇంకా ముందే, ఎండిపోతుంది. యాత్రకు ముందు వారం కొత్తది పోయించాలి. అయినా ఒక ట్యూబు సంచిలో ఉంచుకోండి.

ప్రశ్న: వాన పడిన మర్నాడు కాలువ గట్టు మీద పోతే గొలుసు, బ్రేకులు పాడైపోయాయి. తప్పించుకునే మార్గం ఉందా?

ఒక రోజు ఆగడం. తడిగా ఉన్నప్పుడు తొక్కితే గట్టు మీద గాడులు పడి, ఎండాక అవి గట్టిపడి, తర్వాత వచ్చేవారిని పడేస్తాయి.

ఆగలేకపోతే సాయంత్రం బురద ఎండకముందే కడగండి. సున్నపురాయి పొడి తడిసి ఆరితే సిమెంటులా పట్టేస్తుంది. నీళ్లు పైనుంచి పోయండి. గట్టి ధారతో ఇరుసుల మీద కొడితే గ్రీజు పోతుంది. గొలుసును బట్టతో తుడిచి, ఒక్కో లింకు రోలరు మీద ఒక్కో చుక్క నూనె వేసి, పెడలు వెనక్కి పది చుట్లు తిప్పి, పావుగంట ఆగి, బయట మిగిలిన నూనెనంతా తుడిచేయండి. దుమ్మును పట్టేది ఆ బయటి నూనే. రిమ్ము బ్రేకు దిమ్మల్లో ఇసుక రేణువులు గుచ్చుకుని ఉంటాయి, పిన్నుతో తీసేయకపోతే రిమ్మును గీకేస్తాయి.

ప్రశ్న: మోకాళ్ల నొప్పి వల్ల బ్యాటరీ సైకిల్ కొన్నాను. 500 వాట్-అవర్ బ్యాటరీ. విదేశంలో యాత్రకు దాన్నే విమానంలో తీసుకెళ్లవచ్చా?

కుదరదు. ప్రయాణికుల విమానాల్లో 100 వాట్-అవర్ దాకానే మామూలుగా ఒప్పుకుంటారు, విమాన సంస్థ అనుమతితో 160 దాకా. చేరిన చోట అద్దెకు తీసుకోండి, మీ సీటు, పెడళ్లు వెంట తీసుకెళ్లండి. పెడళ్లు విప్పేటప్పుడు ఎడమదానికి మర తిరగేసి ఉంటుందని మరవకండి.

సామానుతో, రాతిపొడి మీద, కిలోమీటరుకు 7–12 వాట్-అవర్లు పోతాయి. 500 బ్యాటరీతో 40–70 కిలోమీటర్లని లెక్కేసుకోండి, ఎదురుగాలి రోజున తక్కువ కొసే నిజమవుతుంది. ఇలాంటి సైకిళ్లు 25 కిలోల దాకా ఉంటాయి. కాలువ వంతెనల మెట్లు, రైలు పెట్టె గుమ్మాల దగ్గర ఎత్తగలరా అన్నది ముందే చూసుకోండి. కొన్ని దారుల్లో బ్యాటరీ సైకిళ్ల వేగానికి, రకానికి పరిమితులున్నాయి, ఆ నిబంధన చదివాకే బుక్ చేయండి.

ప్రశ్న: దారిలో గుర్రాల మీద వచ్చేవారు ఎదురైతే బెల్లు కొట్టాలా?

కొట్టకండి. వెనక నుంచి వెళ్తుంటే ముప్పై మీటర్ల దూరంలోనే మామూలు గొంతుతో పలకరించండి. గుర్రానికి మీరు మనిషని తెలియాలి. స్వారీ చేసేవారు సరే అన్నాక, నడక వేగంలో, వీలైనంత ఎడంగా దాటండి. ఎదురొస్తుంటే ఆగి, అవి పోయేదాకా పక్కన నిలబడండి.